దివ్యయానము, దాంపత్య పునస్సంధానము

సూర్యాపేట జిల్లాలోని పెన్‌పహాడునుండి యుత్తరముగా సూర్యాపేట పట్టణమునకుఁ బోయినచోఁ, దచ్చేరువనే పిల్లలమఱ్ఱి యను ప్రాచీనగ్రామము గలదు. కాకతీయసామంతులగు రేచర్ల రెడ్ల కాలమున నిది దేవాలయములతో వెలసినది. ఇందలి యెఱకేశ్వరాలయమును 1208వ సంవత్సరమున రేచర్ల బేతిరెడ్డి భార్యయగు నెఱకసాని కట్టించెను. నామేశ్వరాలయమునఁ గాకతీయకాలపు వర్ణచిత్రశేషము గలదు. అందు క్షీరసాగరమథనము చిత్రింపఁబడినది. శృంగారశాకుంతల జైమినిభారతములను రచించిన పినవీరభద్రకవి యింటిపే రీ గ్రామనామమే. పాలకడలిఁ బుట్టిన పారిజాతమును, శకుంతలాకథయు నొక్క గ్రామమునందే యిట్లు స్మరణకు వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను ఆ రెండు కథలను దగ్గఱఁ జేర్చి చూచుటకు నిది మంచి యవకాశము.

ఆ రెండు కథలయందును సారాంశ మొక్కటి. చిరపరిచితులగు దంపతులకుఁ బ్రేమ మొకానొక కారణమున మాసిపోవును. సామాన్యోపాయములతో నది మరలఁ దేఱదు. అంత మానుషాతీతమగు నొక ప్రయాణము సంభవించును. గరుత్మంతుని మూఁపుపైనో, యింద్రరథముపైనో సాగిన యా ప్రయాణాంతమున మాసినది మరల వెలుఁగును. పుష్పకారూఢుఁడై రాముఁడు పంచవటిఁ జేరిన ఉత్తరరామచరితకథయు నీ వర్గమునకుఁ జెందినదే. ఇచట విచార్యమగు ప్రశ్న యిది: ఈ యానము మూలకథలయందుఁ గలదా? లేనిచోఁ గవు లేల దానిఁ జేర్చిరి? అది కేవల మద్భుతవర్ణనకై కల్పింపఁబడినదా, రసనిర్వాహమున కావశ్యకమైనదా?

ముందుగా దంపతిశబ్దము నించుక పరిశీలింపవలెను. జాయాశబ్దమునకుఁ బతిశబ్దముతో ద్వంద్వసమాసము చేసినపుడు, రాజదంతాదిగణపాఠముచే జాయాపతీ, జంపతీ, దంపతీ యను మూఁడు రూపములు సిద్ధించుచున్నవి. మూఁడును ద్విచనాంతములే. ఈ యర్థమున నీ శబ్దమున కేకవచనము లేదు. భార్య యొక్కతెయే దంపతి కాదు, భర్త యొక్కఁడే దంపతి కాఁడు. ఇరువురిలో నొక్కరు మనసునఁ దొలఁగినను శబ్దార్థమే చెడును. కావున దాంపత్యభంగము నొక్కరి దోషముగా నెంచి, రెండవవా రిచ్చెడి వస్తువుతో దానిఁ జక్కఁబఱుపఁ జూచుట శబ్దస్వభావమునకే విరుద్ధము. ఈ విషయము ముందు కథావిచారమున నుపకరించును.

ఇఁక నాలంకారికమతము. విప్రలంభభేదములలో మానము, ప్రవాసము ముఖ్యములు. మానము ప్రణయమానమనియు, నీర్ష్యామానమనియు రెండు తెఱఁగులు. నాయకుని యన్యాసక్తిని గన్నులారఁ జూచుటవలనఁ గాని, యనుమానించుటవలనఁ గాని, చెలులవలన వినుటవలనఁ గాని నాయిక కీర్ష్యామానము కలుగును. దానిఁ దీర్చుటకు ధనంజయుఁడు దశరూపకమున నాఱుపాయములు చెప్పెను: సామము, భేదము, దానము, నతి, యుపేక్ష, రసాంతరము. ప్రియవచనము సామము. సఖులను దనవైపునకుఁ ద్రిప్పుకొనుట భేదము. ఏదియో నెపమున భూషణాదుల నిచ్చుట దానము. పాదములఁ బడుట నతి. ఇవి ఫలింపనపుడు పట్టించుకొనక యుండుట యుపేక్ష. భయముచేతఁ గాని, హర్షముచేతఁ గాని, సంభ్రమముచేతఁ గాని కోప మప్రయత్నముగ జాఱిపోవుట రసాంతరము. సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడును నీ క్రమమునే గ్రహించెను.

ఈ యాఱింటిలోఁ గడపటిదానికిఁ దక్కినవానితో నొక భేదము గలదు. మొదటి యైదింటను నాయకుఁడు కర్త, నాయిక కర్మ. అతఁడు పలుకును, ఇచ్చును, మ్రొక్కును, ఊరకుండును. ఆమె యది గ్రహించుటయో త్రోసివేయుటయో చేయును. రసాంతరమున నట్లు కాదు. అన్యమగు రసము రసాంతరము, మయూరవ్యంసకాదిసమాసము. ఆ యన్యరసమున కిరువురును సమానముగా లోఁబడుదురు. పిడుగు పడినపు డిరువురును బెదరుదురు. వింత కనఁబడినపు డిరువురును వెఱఁగుపడుదురు. తప్పు చేసినవాఁడు, తప్పు పట్టినది యను భేద మా క్షణమునఁ దొలఁగును. దంపతిశబ్దగతమగు ద్విత్వము మరల నెలకొనును. దివ్యయానము కథయం దీ రసాంతరమునకు స్థానముగా నేర్పడినదని యిచటఁ బ్రతిపాదింపఁబడుచున్నది.

పారిజాతకథకు మూలములు ముఖ్యముగా మూఁడు. విష్ణుపురాణ పంచమాంశమున శ్రీకృష్ణుఁడు నరకాసురుని సంహరించి, యదితికుండలముల నిచ్చుటకై సత్యభామతోఁగూడ గరుడారూఢుఁడై స్వర్గమున కేఁగును. అచట సత్యభామ పారిజాతముఁ జూచి, దానిని దన పెరటిలో నాటఁ గోరును. ఇందుఁ గలహము లేదు, యానము గలదు. భాగవత దశమస్కంధమున నీ కథయే సంక్షిప్తముగాఁ జెప్పఁబడినది. పోతన యా స్కంధమునఁ దెనిఁగించుచు నరకునితోడి యుద్ధమున సత్యభామ విల్లందుకొనిన ఘట్టమును విరివిగా వర్ణించెను. అందు సైతము గరుత్మంతునిపై దంపతు లిరువురును గలరు, యుద్ధము గలదు, కాని భార్యాభర్తల నడుమ నలుక లేదు.

హరివంశ విష్ణుపర్వమునఁ గథ వేఱు. రైవతకాద్రిపై నారదుఁ డొక పారిజాతకుసుమమును దెచ్చి కృష్ణున కీయఁగా, నతఁడు దానిని రుక్మిణి కిచ్చును. ఆ వార్త విని సత్యభామ యలుగును. కృష్ణుఁడు చెట్టునే తెచ్చి యిచ్చెద నని మాట యిచ్చి, మొదట నారదునిద్వారా నింద్రుని యాచించి, యతఁ డీయకున్న యుద్ధమునకుఁ బోవును. అతని వెంటఁ బోయినవారు సాత్యకి ప్రద్యుమ్నులు. సత్యభామ ద్వారకయందే యుండును. ఇందుఁ గలహము గలదు, యానమును గలదు, కాని యది యొక్కని యానము. అలిగిన భార్యకు వస్తువు కొనితెచ్చుటకై భర్త సంతకుఁ బోయినట్లున్నది. ఆఱుపాయములలో నిది దానమే యగును గాని రసాంతరము కాదు.

నంది తిమ్మన పారిజాతాపహరణమున నీ రెండు సంప్రదాయములను గలిపెను. పుష్పము, నారదుఁడు, రుక్మిణి, యీర్ష్య యనునవి హరివంశమునుండి గ్రహించెను. సత్యభామతోఁగూడఁ గృష్ణుఁడు గరుడవాహనుఁడై స్వర్గమున కేఁగుటను విష్ణుభాగవతపురాణముల సంప్రదాయమునుండి గ్రహించెను. ఈ కలయికయే యతని కావ్యమునకుఁ బ్రాణము. వ్యాఖ్యాత లతని సత్యభామ యలుకను, గృష్ణుని ప్రణామమును, నామె వామపాదతాడనమును బహుధా ప్రశంసించిరి. కొంద ఱనౌచిత్యమనియు దూఱిరి. కాని యలుకతోఁ గథ ముగియలేదు. ఐదాశ్వాసముల కావ్యమున నది పూర్వభాగమే.

ఆఱుపాయముల క్రమముతో నీ కథను బోల్చి చూచినచోఁ గవి నిర్వాహము తేటపడును. చెలికత్తె చెప్పఁగా విని సత్యభామ యలిగెను గాన నిది శ్రుతమూలమగు నీర్ష్యామానము. కృష్ణుఁడు ప్రియము పలికెను, సామము ఫలింపలేదు. పాదములఁ బడెను, నతి ఫలింపకపోవుటయే కాక తాడనమునకు హేతువయ్యెను. పారిజాతవృక్షమునే తెచ్చెద నని ప్రతిజ్ఞ చేసెను, ఇది దానోపక్రమము. అంతటితో నామె కొంత ప్రసన్నురాలైనది నిజమే. కాని దాన మక్కడనే సమాప్తమైనచో సత్యభామ పూవు నకు బదులు చెట్టును గెలిచిన సవతి మాత్ర మగును. రుక్మిణితోడి లెక్క సరిపడును. భర్తతోడి లెక్క సరిపడదు. అందువలననే కవి యామె నింట నుంచక గరుత్మంతునిపైఁ గూర్చుండఁబెట్టెను. స్వర్గదర్శనమునఁ గలిగిన యద్భుతమును, నింద్రునితోడి సంగ్రామమునఁ బుట్టిన వీరమును నిరువురికి నుమ్మడి యయ్యెను.

వృక్షము ప్రధానము కాదనుటకు విష్ణుపురాణమే సాక్షి. అందు సత్యభామ నందనవనరక్షకులతో వాదించును. పాలకడలిఁ జిలుకఁగాఁ బుట్టినవస్తువులు సర్వలోకములకును సామాన్యములు. చంద్రునివలెను లక్ష్మివలెను పారిజాతమును నందఱిది. ఇంద్రుఁ డొక్కఁడు దాని నేల స్వాయత్తము చేసికొనవలె నని యామె వాదము. పిల్లలమఱ్ఱి నామేశ్వరాలయపుఁ జిత్రమును జూచువా రీ వాదమును జ్ఞప్తికిఁ దెచ్చుకొందురు గాక. అపహరణశబ్దము నందలి యపోపసర్గము చౌర్యమును సూచించుచున్నను, నామె దృష్టిలో నది చౌర్యము కాదు. అనంతరము దేవతలు పరాజితులై యింద్రుఁడు వెనుదిరిగినపుడు, సత్యభామయే యతనిఁ బిలిచి పారిజాతమును దీసికొనిపొమ్మనును. తన యింటికి వచ్చినపుడు శచి పతిగర్వముతోఁ దన్ను గౌరవింపలేదనియు, స్త్రీస్వభావముచేఁ దన భర్త ప్రతాపమును జూపింపఁ గోరితినే గాని చెట్టుపై నాశ లేదనియు నామె చెప్పును. చెట్టు చేతికి వచ్చినపిదప దాని నక్కఱలేదనుట కథలో మిక్కిలి గమనింపఁదగిన విషయము. ఆమె కోరినది చెట్టు కాదు. తనకొఱకు భర్త పూనుకొనుటయు, నా పూనికను దానుగూడఁ బ్రక్కనుండి చూచుటయు.

ఈ కావ్యముఁ గూర్చి చిరకాలముగా నొక జనశ్రుతి గలదు. శ్రీకృష్ణదేవరాయల పట్టమహిషి తిరుమలదేవి యొకనాఁ డతని చిత్తరువు వైపునకుఁ గాళ్లు చాఁచి నిదురించెననియు, రాయలు చూచి కోపించి యామె మందిరమునకుఁ బోవుట మానెననియు, నామె పుట్టినింటినుండి యరణముగా వచ్చిన తిమ్మన, కృష్ణునంతవాఁడే భార్యపాదతాడనమును సహించెనని చూపుటకై యీ కావ్యము రచించి వారిని గలిపెననియుఁ జెప్పుదురు. కావ్యము రాయల కంకితమైన మాట నిజము. రాయలు 1509 మొదలుకొని 1529 వఱకు రాజ్యమేలెను. తిరుమల యాలయమున నతని ప్రతిమ తిరుమలదేవీ చిన్నాదేవుల ప్రతిమలతోఁగూడ నేఁటికిని నిలిచియున్నది. కాని కలహకథకుఁ జారిత్రకప్రమాణము లేదు. దానిని జరిత్రగాఁ గాక, కావ్యమును దెలుఁగువా రెట్లు చదివికొనిరో తెలుపు నొక పురాతనవ్యాఖ్యగా గ్రహించుట యుక్తము. ఆ వ్యాఖ్య ప్రకారము, చిరకాలదంపతుల నడుమ మాట తెగినపుడు నీతిబోధ పనికిరాదు. వారిరువురును గలసి వినఁదగిన కథ కావలెను. గరుత్మంతునిపై సత్యాకృష్ణులు పోయినట్లే, కావ్యముపై రాజదంపతులు పోయిరని జనశ్రుతి భావము. అయితే యా జనశ్రుతియందును లోప మొకటి గలదు: అది పాదతాడనమునే పట్టుకొని యానమును విడిచినది. భర్త సహింపవలె నను నీతి యొక్కటే కావ్యఫలమైనచో మొదటి భాగముతోనే కృతి చాలును.

శకుంతలాకథలో నీ న్యాయమే వేఱొక తెఱఁగునఁ గానవచ్చును. భారతమున శకుంతల కుమారునితో దుష్యంతుని సభకు వచ్చును. రాజు తెలిసియుండియు నెఱుఁగ నని పలుకును. అశరీరవాణి సాక్ష్యమిచ్చిన పిమ్మటఁ బరిగ్రహించును. నన్నయయు నట్లే తెనిఁగించెను. అది న్యాయనిర్ణయము, హక్కు సిద్ధించినది. కాని హృదయములు గలసినట్లు చెప్పుట కష్టము. కాళిదాసు శాపమును, ముద్రికను గల్పించుటతోఁ దృప్తిపడలేదు. ముద్రిక దొరకి జ్ఞాపకము వచ్చినపిదపఁ గూడ దుష్యంతుఁడు శకుంతలను వెదకి పోలేదు. పోవుటకుఁ ద్రోవ తెలియదు. అతఁడు మాతలి తెచ్చిన యింద్రరథ మెక్కి, కాలనేమి వంశపు దానవులతో యుద్ధము చేసి, మరలివచ్చునపుడు హేమకూటమున మారీచాశ్రమమున దిగును. సింహశాబకముతో నాడు బాలునిఁ జూచును. పిదప నేకవేణీధరయై మలినవస్త్రములు దాల్చిన శకుంతలను జూచును. ఆమె పాదములఁ బడును.

ఈ నతి ఫలించినది. పారిజాతకథలోని నతి ఫలింపలేదు. భేదమునకుఁ గారణము స్థానభేదము. కృష్ణుఁడు మ్రొక్కినది యింటిలో, యానమునకు ముందు. దుష్యంతుఁడు మ్రొక్కినది యానాంతమున, తన సింహాసనమునకు దూరముగ, ఆమె తపస్సు చేసిన చోట. హస్తినాపురమున నతఁడు తీర్పరి, యామె యర్థిని. హేమకూటమున నా పదవి తలక్రిందైనది. యానము నాయకుని పదవినుండి దింపును; అప్పుడు మ్రొక్కు మ్రొక్కగును. పినవీరభద్రుఁడు పదునైదవ శతాబ్దమున శృంగారశాకుంతలమును రచించునపుడు భారతకథయు, నాటకకథయు రెండును అతని యెదుట నుండినవి. ఆ రెంటి తారతమ్యమును బాఠకులకుఁ జూపుటకుఁ దెలుఁగున నంతకంటెఁ దగిన గ్రంథము లేదు.

ఉత్తరరామచరితమునఁ గథ మఱింత సూక్ష్మము. సీతాపరిత్యాగము జరిగి పండ్రెండేండ్లయినది. శంబూకవృత్తాంతప్రసంగమున దండకకు వచ్చిన రాముఁడు పంచవటిఁ బ్రవేశించును. భాగీరథీప్రభావమున సీత వనదేవతలకు సైతము కనఁబడక, తమసానదితోఁగూడ నచటనే తిరుగుచుండును. ఆ గోదావరీతీరమునఁ దామిరువురును బెంచిన యేనుఁగుగున్న యిపుడు పెద్దదైనది. నెమలి యింకను నీపవృక్షముపై నున్నది. ప్రతివస్తువును జూచి రాముఁడు మూర్ఛిల్లును. అదృశ్యసీత కరస్పర్శముచేఁ దేఱును. ఇది మూలరామాయణమున లేదు. భవభూతి కల్పితము. ఇందు సమాగమము కూడ లేదు. రాముఁడు సీతను జూడకయే మరలును. ఐనను నీ యంకము లేక సప్తమాంకమునందలి సమాగమము నిలువదు. ఏలయన, నశ్వమేధమునకు సహధర్మచారిణిగాఁ దన బంగరు ప్రతిమనే రాముఁడు నిలిపెనని యతని నోటనే వినినపుడు, పరిత్యాగలజ్జ యను ముల్లు తన హృదయమునుండి తొలఁగినట్లు సీత తలంచును. భర్త తన్నుఁ జూచి పలికిన మాట యైనచో నది సామమని యనుమానింప వచ్చును. తాను లేదని తలంచి పలికిన మాట గాన నమ్మఁదగినదయ్యెను. అదృశ్యత యను నద్భుతమిట నమ్మకమునకు సాధనము.

దాంపత్యము ముదిరినకొలఁదిఁ దఱుఁగునా, పెరుఁగునా యను ప్రశ్నకు భవభూతి ప్రథమాంకముననే సమాధానము సూచించెను: కాలక్రమమున నావరణములు తొలఁగఁగాఁ బ్రేమ పరిపక్వమై సారరూపమున నిలుచు నని యతని మతము. అట్లైనచోఁ దృతీయాంకపు యానము క్రొత్త ప్రేమను బుట్టించుటకుఁ గాదు, ఆవరణమును దొలఁగించుటకు. మాసిన యద్దమును దుడుచువాఁడు ప్రతిబింబమును సృజింపఁడు.

ఇచట ధాతువిచారము తోడ్పడును. యానశబ్దమునకుఁ బ్రకృతియగు యాధాతువునకు ధాతుపాఠమునఁ జెప్పఁబడిన యర్థము ప్రాపణము. గత్యర్థకములన్నియు జ్ఞానార్థకములనియు శాబ్దికు లందురు. పోవుట చేరుట, చేరుట యెఱుఁగుట. మూఁడుకథలయందును యానఫలము జ్ఞానవిశేషమే; అందును స్మృతిరూపమగు జ్ఞానము. దుష్యంతుని స్మృతి ముద్రికవలన నంకురించి హేమకూటమున ఫలించినది. రాముని స్మృతి పంచవటిలోని చెట్టుచేమలఁ బట్టి లేచినది. పారిజాతము సంగతియు నట్టిదే. దాని పరిమళము మూఁడు యోజనములు వ్యాపించెననియు, దానిఁ జేరినవారికి యాదవులకుఁ బూర్వజన్మస్మృతి కలిగెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. చిరదంపతుల పెరటిలో నాటఁదగిన చెట్టు ఇంతకంటె వేఱొండు గలదా? రతి స్థాయిగా నిలుచుటకు స్మృతి సంచారిగాఁ గావలె నను శాస్త్రార్థమే యా వృక్షరూపమునఁ గథలో మొలచినది.

ఒక యాక్షేపము మిగిలియున్నది. యానము ముగిసిన పిదప నిల్లు మరల నదియే. రుక్మిణి యున్నది, సవతులున్నారు. అద్భుతము నిత్యము కాదు. పారిజాతముగూడఁ గృష్ణావతారాంతమున స్వర్గమునకే పోయినది. అట్లైన ఫలమేమి? దీనికి హరివంశకథయందలి పుణ్యకవ్రతము సమాధానము. సత్యభామ తెచ్చిన పారిజాతమునకు భర్తనే కట్టి, నారదునకు దానమిచ్చి, మరల నిష్క్రయ మొసఁగి విడిపించుకొనును. తిమ్మన కావ్యమును నీ వ్రతముతోనే ముగియును. నాకే యుండవలె నని యలిగిన భర్తను దానే యితరునకు ధారవోయుట యనఁగా, స్వత్వమును విడిచి స్నేహమును నిలుపుకొనుట. అలుకతో మొదలైన కథ దానముతో ముగిసినది. దాత మాత్రము మాఱెను. మొదట నీయఁబూనినవాఁడు భర్త. కడపట నిచ్చినది భార్య. దంపతిశబ్దపు ద్వివచన మిపుడు సార్థకము.

కావునఁ బాఠశాలలయం దీ కావ్యమును బోధించువా రలుకఘట్టముతో విరమింపక, గరుడయానమును, వనరక్షకులతోడి వాదమును, వ్రతమును గూడ శిష్యులకుఁ జెప్పుట మంచిది. అలుక యొక్కటే వినిన బాలురకు సత్యభామ గయ్యాళిగాఁ దోఁచును. కృష్ణుఁడు భార్యావిధేయుఁడుగాఁ దోఁచును. ఈ భ్రమ గ్రంథము చదువకపోవుటవలనఁ గలిగినదే గాని గ్రంథమునందలి దోషము కాదు. పిల్లలమఱ్ఱికి సమీపమునఁ జదువుకొను బాలురకు నామేశ్వరాలయపుఁ జిత్రమును జూపి, యీ కడలిలోఁ బుట్టిన చెట్టుకొఱకే యొక యిల్లాలు భర్తతోఁగూడ స్వర్గమునకుఁ బోయి, చెట్టు దొరకిన పిమ్మట నది యక్కఱలే దనె నని చెప్పినచోఁ, గావ్యతత్త్వము వారికిఁ దానై బోధపడును. ఎఱకసాని కట్టించిన గుడియు నచటనే యున్నది.